మందను నిలబెట్టాలంటే: ఊహా పశువు కోసం బ్లెండర్ ఎంతవరకు పనికొస్తుంది

లేని జంతువు ఒక్కదాన్ని ఉన్నట్టు చూపించడం ఒక ఎత్తు, అలాంటివి మూడు వందలు ఒకే మైదానంలో మేస్తున్నట్టు చూపించడం మరో ఎత్తు. 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో రెండూ చేయొచ్చు. మొదటిది హాయిగా అవుతుంది. రెండోది దారి తెలిస్తేనే అవుతుంది. తెలియకపోతే ఫైలు బరువెక్కుతుంది, గిట్టలు నేల మీద జారుతాయి, మంద మొత్తం ఒకే క్షణంలో తల ఎత్తి ఒకే క్షణంలో దించుతుంది. అది మంద కాదని చూసేవాళ్లకు రెండు సెకన్లలో తెలిసిపోతుంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండో పని గురించే.

పరీక్షకు పెట్టింది పూర్తిగా కల్పిత జంతువు. పేరు మూపురి అనుకుందాం. గడ్డి మైదానాల్లో మందలుగా తిరిగే అడవి పశువు. మూపు దగ్గర ఎత్తు 1.7 మీటర్లు, తుంటి దగ్గర 1.4 మీటర్లు. చీలిన గిట్టలు, మగదానికీ ఆడదానికీ వెనక్కి వంగిన కొమ్ములు, మూపు మీద దట్టమైన జూలు, అరిచేటప్పుడు ఉబ్బే గంగడోలు. చూసిన వెర్షన్లు 4.2, 4.5. రెండూ రెండేళ్ల మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్లే. ఇలాంటి నెలల తరబడి పనికి వీటినే ఎంచుకోవాలి.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే తేలాల్సినవి

బ్లెండర్‌కు పశువంటే ఏమిటో తెలియదు. మీరు తప్పు ఎముకలు ఇచ్చినా అది శ్రద్ధగా వాటినే కదిలిస్తుంది. అందుకే శరీర నిర్మాణం కాగితం మీదే తేల్చుకోవాలి.

మొట్టమొదటి పరీక్ష మెడ. గడ్డి మేసే జంతువు మూతి నేలకు అందాలి, అదీ ముందు కాళ్లు వంచకుండా. మూపురి మెడ ఛాతీ దగ్గర నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. మూతి ముందు గిట్టలకు అర మీటరు పైచిలుకు ముందు గడ్డిని తాకాలంటే మెడ, తల కలిపి కనీసం 1.4 మీటర్లు ఉండాలి. ఊహా జంతువుల బొమ్మల్లో కనిపించే లోపాల్లో ఇదే పెద్దది: కాళ్లు పొడుగు, మెడ పొట్టి. జిరాఫీకి కూడా నీళ్లు తాగాలంటే ముందు కాళ్లు వెడల్పుగా చాపక తప్పదు. అది ఆకులు తినే జంతువు కనుక అప్పుడప్పుడు అలా వంగినా బతికిపోతుంది. రోజులో ఎక్కువ భాగం నేల మీది గడ్డి తినే జంతువుకు అది కుదరదు.

రెండోది ముఖం. గడ్డిలో ఇసుక లాంటి సిలికా కణాలు ఉంటాయి, అవి పళ్లను అరగదీస్తాయి. అందుకే గడ్డి మేసేవాటి దవడ పళ్లు చాలా ఎత్తుగా, దవడ లోతుకు దిగి ఉంటాయి. ఆ పళ్లకు చోటు కావాలి కనుక ముఖం పొడవుగా, దవడ కింది భాగం లోతుగా ఉంటుంది. నమిలే కండరం చెంప వెనక పలకలా పరుచుకుంటుంది. మూపురిని నెమరు వేసే జాతిగా తీసుకుంటే పై దవడలో ముందు పళ్లు ఉండకూడదు, వాటి స్థానంలో గట్టి చిగురు మెత్త ఉండాలి. నోరు తెరిచే దగ్గరి షాట్ ఉంటే ఈ ఒక్క వివరమే జంతువును నిలబెడుతుంది. కళ్లు తలకు పక్కల ఉండాలి, పాపలు అడ్డంగా ఉండాలి. తల దించి మేస్తున్నప్పుడు కూడా ఈ జంతువుల కళ్లు గూళ్లలో తిరిగి, పాపను నేలకు సమాంతరంగానే ఉంచుతాయి. కాబట్టి కంటి ఎముక తలతో పాటు తిరగకుండా, దానికి వేరే కంట్రోల్ పెట్టాలి.

పొట్ట గురించి ఒక మాట. నెమరు వేసేవాటి పెద్ద కడుపు శరీరంలో ఎడమ వైపు ఉంటుంది. మేసిన తర్వాత ఎడమ డొక్క నిండుగా కనిపిస్తుంది. మోడల్‌ను రెండు వైపులా అచ్చు ఒకేలా చేసి వదిలేయకుండా, చివర్లో ఎడమ డొక్కను కొద్దిగా ఉబ్బించే షేప్ కీ (ఆకారాన్ని మార్చే సెట్టింగ్) ఒకటి పెట్టుకుంటే ఆకలిగా ఉన్న మందకూ కడుపు నిండిన మందకూ తేడా చూపించొచ్చు.

మోడల్: మొదట వేగం, తర్వాత ఓపిక

తొలి రూపానికి స్కిన్ మాడిఫయర్ (గీతలకు లావు ఇచ్చే సాధనం) చాలా బాగుంది. వెన్ను, కాళ్లు, మెడ గీతలుగా గీసి, ఒక్కో చుక్క దగ్గర కంట్రోల్-ఏ నొక్కి లావు సవరించుకుంటే అరగంటలో జంతువు ఆకారం వస్తుంది. దాన్ని అప్లై చేసి స్కల్ప్ట్ మోడ్‌లో వాక్సెల్ రీమెష్ చేయాలి, అంటే ఉపరితలాన్ని సమానమైన చిన్న గళ్లతో మళ్లీ కట్టించాలి. ఈ సైజు జంతువుకు వాక్సెల్ పరిమాణం 0.02 మీటర్లతో మొదలుపెట్టి, కండరాలు వచ్చాక 0.008కి దిగితే సరిపోతుంది. మొదట్లోనే చిన్న సంఖ్య పెడితే ఉపరితలమంతా గడ్డలు తేలుతుంది.

ఒక జాగ్రత్త: వాక్సెల్ కంటే సన్నగా ఉన్నదేదీ రీమెష్‌లో మిగలదు. కొమ్ము కొనలు, చెవుల అంచులు తెగిపోతాయి. కొమ్ములను మొదటి నుంచీ వేరే ఆబ్జెక్ట్‌గా ఉంచండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది, ఆడ మగ వయసు తేడాలకు కొమ్ములు మార్చుకుంటే చాలు. ఇక్కడే నిర్ణయించుకోవాల్సింది ఒకటి ఉంది. ఎముక మీద కొమ్ము తొడుగు ఉండి జీవితాంతం పెరిగే రకమా, లేక జింకల్లా ప్రతి ఏడాదీ రాలి కొమ్మలుగా మళ్లీ మొలిచే రకమా? రెండో రకమైతే ఏ ఋతువులో ఏ స్థితిలో ఉందో కథంతా లెక్క తప్పకుండా నడపాలి. మూపురికి మొదటి రకమే ఎంచుకోవడం తెలివి.

స్కల్ప్ట్ అయ్యాక యానిమేషన్‌కు పనికొచ్చే శుభ్రమైన మెష్ (చిన్న పలకలతో అల్లిన ఉపరితలం) మళ్లీ అల్లుకోవాలి. బ్లెండర్‌లో బలహీనమైన చోటు ఇదే. లోపలే ఉన్న క్వాడ్రిఫ్లో వేగంగా చేస్తుంది గానీ భుజం, తొడ మొదళ్ల దగ్గర వలయాలు కండరాల దారిలో పోవు, కాలు ముందుకు వెళ్లినప్పుడు చర్మం నలిగిపోతుంది. వెనక వరుసల్లో ఉండే జంతువులకు అది చాలు. ముందు వరుస జంతువుకు మాత్రం షర్ట్ గుడ్డ కొలిచినట్టు చేత్తోనే అల్లాలి. ఫేస్ స్నాపింగ్ పెట్టి, మిర్రర్ మాడిఫయర్‌లో క్లిప్పింగ్ ఆన్ చేసి, మొదట భుజం చుట్టూ, తర్వాత తొడ చుట్టూ వలయాలు వేసి, ఆ తర్వాతే మధ్య భాగం పూడ్చండి. ముందు జంతువుకు 8,000 ఫేస్‌లు, మధ్య దూరానికి 2,500, దూరానికి 600 ఉంటే మందకు సరిపోతాయి. ఇంతకంటే వివరం కావాలంటే అది నార్మల్ మ్యాప్‌లో (ఎత్తుపల్లాల భ్రమ కలిగించే చిత్రంలో) ఉండాలి, మెష్‌లో కాదు.

రిగ్గింగ్: రిగిఫై ఇచ్చేది, ఇవ్వనిది

మోడల్‌ను కదిలించే ఎముకలు అమర్చడమే రిగ్గింగ్. అందుకు బ్లెండర్‌తో పాటే వచ్చే రిగిఫై ఈ సమీక్షలో నిస్సందేహంగా మెచ్చుకోవాల్సిన భాగం. ప్రిఫరెన్సెస్‌లో ఆన్ చేస్తే ఆర్మేచర్ మెనూలో జంతువుల జాబితా వస్తుంది: పక్షి, పిల్లి, గుర్రం, షార్క్, తోడేలు. మూపురికి గుర్రంతో మొదలుపెట్టాలి. మెటారిగ్ అనే ఈ నమూనా అస్థిపంజరాన్ని మెష్‌కు సరిపెట్టడం ఎడిట్ మోడ్‌లోనే చేయండి. ఆబ్జెక్ట్ మోడ్‌లో స్కేల్ చేస్తే వెంటనే కంట్రోల్-ఏతో స్కేల్ అప్లై చేయాలి. లేకపోతే దాని నుంచి జనరేట్ చేసిన అసలు రిగ్ కొలతలు తేడాగా వస్తాయి.

ఎముకలు పెట్టేటప్పుడు కీళ్ల పేర్లు గందరగోళం చేస్తాయి. పశువు ముందు కాలిలో మనకు మోకాలిలా కనిపించేది నిజానికి మణికట్టు. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చేది మడమ. అసలు మోకాలు పొట్టకు ఆనుకుని పైన ఉంటుంది, ముందుకు వంగుతుంది. మోచేయి ఛాతీ పక్కన ఉండి వెనక్కి చూస్తుంది. ఈ నాలుగు చోట్లు సరిగ్గా పడితే సగం పని అయినట్టే. వెనక కాలి రిగ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది: తొడ ఎముక, పాదపు పొడవైన ఎముక దాదాపు సమాంతరంగా ఉండేలా అదే చూసుకుంటుంది. గుర్రం నిజమైన కాలిలోనూ మోకాలు, మడమ ఒకదాన్నొకటి వదలకుండా కలిసే ముడుచుకుంటాయి. అందుకే ఈ కదలిక చూడగానే నమ్మబుద్ధవుతుంది.

గుర్రపు రిగ్‌లో తక్కువపడేది భుజం. గిట్టల జంతువులకు కాలర్‌బోన్ ఉండదు. భుజపు పలక శరీరానికి ఎముకతో అతుక్కుని ఉండదు, కండరాల జోలెలో వేలాడుతుంది. ప్రతి అడుగుకూ ఆ పలక పక్కటెముకల మీద ముందుకూ వెనక్కూ జారాలి. రిగిఫై ఇచ్చే భుజం ఎముకను ఊరికే వదిలేస్తే అది కదలదు. కాలు ముందుకు వెళ్లినప్పుడు భుజం పైకొన వెనక్కి 10 నుంచి 15 డిగ్రీలు తిరిగేలా దానికి కీఫ్రేమ్‌లు వేయాలి. మూపురి లాంటి ఎత్తు మూపు జంతువులో ఇది లేకపోతే నడక చెక్క బొమ్మ నడకే అవుతుంది. చీలిన గిట్టకు రెండు వేలి ఎముకలు కావాలంటే చివర అదనంగా రెండు ఎముకలు చేర్చాలి. దూరం షాట్లకు ఆ శ్రమ వద్దు.

రిగ్ జనరేట్ అయ్యాక మూడు పనులు మరవకూడదు.

మెష్‌ను మెటారిగ్‌కు కాదు, కొత్తగా పుట్టిన రిగ్‌కు పేరెంట్ చేయాలి. కొత్తవాళ్లు తికమకపడే చోటు ఇది, ఎందుకంటే రెండూ ఒకే చోట ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

ఆటోమేటిక్ వెయిట్స్ (ఏ ఎముక మెష్‌లో ఏ భాగాన్ని ఎంత కదపాలో చెప్పే లెక్క) విఫలమై బోన్ హీట్ వెయిటింగ్ అంటూ సందేశం వస్తే కారణం దాదాపు ఎప్పుడూ మెష్‌లోనే ఉంటుంది: ఒకే చోట రెండు చుక్కలు, లోపల దాగిన ఫేస్‌లు, అప్లై చేయని స్కేల్. మెర్జ్ బై డిస్టెన్స్ చేసి, లోపలి ఫేస్‌లు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. కొమ్ములు, కళ్లు, పళ్లు ఈ పద్ధతిలో కలపొద్దు. వాటిని తల ఎముకకు మాత్రమే నూటికి నూరు శాతం వెయిట్ ఇచ్చి కట్టేయండి, లేకపోతే మెడ తిప్పినప్పుడు కొమ్ములు రబ్బరులా వంగుతాయి.

కాళ్ల ఐకే స్ట్రెచ్ విలువను సున్నా చేయండి (గిట్టను జరిపితే కాలంతా దాన్ని అనుసరించే ఏర్పాటే ఐకే). మొదట అది ఆన్‌లో ఉంటుంది. ఆన్‌లోనే ఉంటే గిట్ట దూరంగా వెళ్లినప్పుడు కాలు సాగుతుంది. వెనక్కి చాచిన కాలు ప్రతి అడుగులో కొన్ని సెంటీమీటర్లు పొడుగవడం కంటికి ఏదో తేడాగా తెలుస్తుంది గానీ ఎక్కడో పట్టుకోలేరు.

నడక లెక్క

నాలుగు కాళ్ల నడకలో గిట్టలు పడే వరుస: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. సెకనుకు 24 ఫ్రేమ్‌ల చొప్పున 32 ఫ్రేమ్‌ల చక్రం తీసుకోండి. ఈ నాలుగూ 1, 9, 17, 25 ఫ్రేమ్‌లలో నేలను తాకుతాయి. ఒక్కో గిట్ట 20 ఫ్రేమ్‌లు నేల మీద, 12 ఫ్రేమ్‌లు గాలిలో ఉంటుంది. చక్రానికి 1.8 మీటర్లు ముందుకు వెళ్తే వేగం సెకనుకు 1.35 మీటర్లు, అంటే ఫ్రేముకు 5.6 సెంటీమీటర్లు. జంతువు ఉన్నచోటే నడిచే చక్రంలో నేల మీది గిట్ట సరిగ్గా ఆ వేగంతోనే వెనక్కి జరగాలి. 20 ఫ్రేమ్‌లలో 1.12 మీటర్లు, అదీ లీనియర్ ఇంటర్‌పొలేషన్‌తో, అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో. బ్లెండర్ మామూలుగా పెట్టే బెజియే వంపు వదిలేస్తే గిట్ట మొదట్లో మెల్లగా, మధ్యలో వేగంగా జరుగుతుంది. గిట్టలు జారడానికి మొదటి కారణం ఇదే. తల ప్రతి చక్రానికి రెండుసార్లు ఊగాలి. గ్రాఫ్ ఎడిటర్‌లో షిఫ్ట్-ఈ నొక్కి చక్రాన్ని పునరావృతం చేసుకోవచ్చు.

ఎప్పుడు నడక ఆపి దౌడు మొదలుపెట్టాలో కూడా లెక్క ఉంది. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో, తుంటి ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఫ్రూడ్ సంఖ్య అంటారు. నాలుగు కాళ్ల జంతువులు అది సుమారు 0.5 దగ్గర నడక నుంచి దౌడుకు, 2 నుంచి 3 మధ్య పూర్తి పరుగుకు మారతాయి. తుంటి 1.4 మీటర్లున్న మూపురికి దౌడు సెకనుకు 2.6 మీటర్ల దగ్గర, పరుగు 6 మీటర్ల దగ్గర మొదలవ్వాలి. తుంటి 0.8 మీటర్ల దూడ దాదాపు 2 మీటర్ల వేగానికే దౌడు అందుకుంటుంది. తల్లి చురుగ్గా నడుస్తుంటే పక్కన దూడ చిన్న పరుగు తీయడం వెనక ఉన్న లెక్క ఇదే. ఊహా జంతువు పెద్దదో చిన్నదో చూసేవాళ్లకు తెలిసేది కూడా ఇలాంటి చోటే.

అయితే అసలు పని మేతలో ఉంది. మంద షాట్లు చేసేవాళ్లు పరుగు చక్రం మీద వారాలు పెట్టి, మేత చక్రాన్ని ఒక పూటలో ముగిస్తారు. మైదానంలో మంద ఎక్కువసేపు చేసేది మేయడమే. సెకనుకు ఒక కొరుకు చొప్పున, అంటే 24 ఫ్రేమ్‌లకు ఒకసారి, తల చిన్నగా వెనక్కి గుంజాలి. పశువు గడ్డిని కోయదు, పట్టి లాగి తెంపుతుంది. ఐదారు కొరుకుల తర్వాత ఒక ముందు కాలు అడుగు వేస్తుంది, కాసేపటికి వెనక కాలు అందుకుంటుంది. మధ్యలో చెవి విదుల్చుతుంది, తోక కొడుతుంది, తొడ మీద చర్మం వణుకుతుంది. ఈ చక్రం కనీసం 240 ఫ్రేమ్‌లు ఉండాలి. చిన్నదైతే పునరావృతం కళ్లకు తెలిసిపోతుంది.

మంద: జామెట్రీ నోడ్స్

బ్లెండర్‌లో మందకు రెండు దారులు. పాతది పార్టికల్స్‌లోని బాయిడ్స్. 1986లో క్రెయిగ్ రేనాల్డ్స్ రూపొందించిన మూడు సూత్రాల మీద ఇది నడుస్తుంది: పక్కవాటికి మరీ దగ్గరవకు, వాటి దిశలోనే వెళ్లు, గుంపు మధ్యకు చేరు. బ్లెండర్‌లో దీన్ని నేల జంతువులకు వాడాలంటే ఫ్లైట్ ఆపి, ల్యాండ్ ఆన్ చేసి, నేల ఆబ్జెక్ట్‌కు కొలిజన్ ఫిజిక్స్ ఇవ్వాలి. ఇవ్వకపోతే మంద నేలను గుర్తించదు. అన్నీ సరిగ్గా పెట్టినా జంతువులు వణుకుతూ తిరుగుతాయి, ఉన్నచోటే గిర్రున దిశ మార్చుకుంటాయి. వేగానికీ కాళ్ల చక్రానికీ సంబంధమే ఉండదు. ఏళ్లుగా ఈ భాగం పెద్దగా మారలేదు. ఆకాశంలో దూరపు పక్షులకు సరే, మూపురి మందకు దీన్ని సిఫారసు చేయను.

రెండోది జామెట్రీ నోడ్స్: నోడ్‌లనే చిన్న పెట్టెలను తీగలతో కలిపి ఆకారాలను పుట్టించే పద్ధతి. దీని కోసం బ్లెండర్ నేర్చుకున్నా తప్పులేదు. మేస్తున్న మందకు అల్లిక ఇలా ఉంటుంది. నేల మెష్ మీద డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఆన్ ఫేసెస్, పాయిసన్ డిస్క్ పద్ధతిలో, కనీస దూరం 2.5 మీటర్లు. ర్యాండమ్ పద్ధతి వాడితే జంతువులు ఒకదానిలో ఒకటి దూరిపోతాయి. నేల మీద వెయిట్ పెయింట్ చేసిన వెర్టెక్స్ గ్రూపును డెన్సిటీ ఫ్యాక్టర్‌కు ఇస్తే మంద ఎక్కడ చిక్కగా, ఎక్కడ పలచగా ఉండాలో చేత్తో గీసుకోవచ్చు. నార్మల్ జెడ్ విలువ (నేల ఎంత నేరుగా పైకి చూస్తుందో చెప్పే సంఖ్య) 0.95 కంటే తక్కువున్న చోట, అంటే సుమారు 18 డిగ్రీలు దాటిన వాలులో, పాయింట్లు తీసేయండి. అక్కడ ఒక వైపు గిట్టలు గాలిలో తేలతాయి. ఆ తర్వాత ఇన్‌స్టెన్స్ ఆన్ పాయింట్స్, అంటే ఒక్కో పాయింటు మీద మూల జంతువు నకలు (ఇన్‌స్టెన్స్) పెట్టడం. కలెక్షన్ ఇన్ఫోలో సెపరేట్ చిల్డ్రన్, రీసెట్ చిల్డ్రన్ రెండూ ఆన్ చేసి, పిక్ ఇన్‌స్టెన్స్ టిక్ పెట్టాలి. ఆ మూడింటిలో ఏది మరిచినా ఒక్కో పాయింటు మీద కలెక్షన్ మొత్తం కుప్పపడుతుంది, లేదా జంతువులు పాయింటుకు ఎక్కడో దూరంగా పుడతాయి.

జంతువు శరీరాన్ని నేల వాలుకు పూర్తిగా తిప్పొద్దు. పశువు నిలువుగానే నిలబడుతుంది, కాళ్లే సర్దుకుంటాయి. దిశ విషయంలోనూ పూర్తి ర్యాండమ్ పనికిరాదు. మేసే మంద స్థూలంగా ఒకే వైపు కదులుతుంది. పాయింట్ స్థానాన్ని పెద్ద మచ్చలుండే (స్కేల్ విలువ చిన్నదైన) నాయిస్ టెక్స్చర్‌కు ఇచ్చి, దాని విలువతో ప్రధాన దిశకు అటూ ఇటూ 40 డిగ్రీలు తిప్పితే పక్కపక్క జంతువులు దాదాపు ఒకే వైపు చూస్తాయి. దూరం పోయేకొద్దీ దిశ మారుతుంది. సైజు తేడా 0.94 నుంచి 1.06 మధ్యే ఉంచండి. అంతకు మించితే అవి ఒకే జాతిలా కనిపించవు, నడిచేవాటి గిట్టలు కూడా జారతాయి. ఎందుకంటే స్కేల్ పెరిగితే అడుగు పొడవూ పెరుగుతుంది, ముందుకు జరిపే వేగాన్ని కూడా అదే నిష్పత్తిలో గుణించాలి.

ఇక అతి పెద్ద చిక్కు. ఎముకలతో కదిలే ఒకే జంతువును మూడు వందల చోట్ల ఇన్‌స్టెన్స్ చేస్తే మూడు వందలూ ఒకే ఫ్రేములో ఒకే భంగిమలో ఉంటాయి. ఇన్‌స్టెన్స్‌కు సొంత కాలం ఉండదు. దీనికి బ్లెండర్‌లో ఒక్క బటన్ పరిష్కారం లేదు. పనిచేసే పద్ధతి ఇది: మేసేవి నాలుగు, నడిచేవి నాలుగు, తల ఎత్తి చూసేవి రెండు, పడుకుని నెమరు వేసేవి రెండు, దూడలు మూడు చొప్పున మూల జంతువులు తయారుచేసుకోండి. ఒక్కో చక్రాన్ని ఆలెంబిక్‌గా (కదలికను లెక్కించి దాచే ఫైలు రకం) ఎగుమతి చేసి మళ్లీ తెచ్చుకోండి. అప్పుడు ఎముకల లెక్క ఉండదు, ప్రివ్యూ తేలికవుతుంది. నడక చక్రాన్ని 0 నుంచి 31 వరకే ఎగుమతి చేయాలి. 32వ ఫ్రేమ్ కూడా చేరిస్తే మొదటి భంగిమ రెండుసార్లు వచ్చి ప్రతి చక్రానికి చిన్న కుదుపు కనిపిస్తుంది. క్యాష్ ఫైలులో ఓవర్‌రైడ్ ఫ్రేమ్ ఆన్ చేసి, ఆ విలువకు డ్రైవర్ (విలువను నడిపే సూత్రం) పెట్టండి: ప్రస్తుత ఫ్రేముకు ఒక సంఖ్య కలిపి 32తో భాగించగా మిగిలే శేషం. నాలుగు జంతువులకు ఆ కలిపే సంఖ్య 0, 7, 13, 22 లాగా అసమానంగా ఉండాలి. 0, 8, 16, 24 ఇస్తే ఒకదాని గిట్ట పడే క్షణానే మిగతా మూడింటిలో ఒక్కో గిట్ట పడి, మందంతా కవాతు చేస్తున్నట్టు ఉంటుంది.

ఏ పాయింటు మీద ఏ జంతువు అన్నదాన్ని ర్యాండమ్‌కు వదిలేయడం పెద్ద అవకాశం పోగొట్టుకోవడమే. నిజమైన మందల్లో అంచున ఉన్నవి మధ్యలో ఉన్నవాటి కంటే ఎక్కువసార్లు తల ఎత్తి చూస్తాయి. మంద పెద్దదయ్యేకొద్దీ ఒక్కో జంతువు కాపలా సమయం తగ్గుతుంది. మంద సరిహద్దును ఒక కర్వ్‌గా గీసి, దాన్ని మెష్ గీతగా మార్చి, జామెట్రీ ప్రాక్సిమిటీతో దూరం తీసుకుని, 6 మీటర్ల లోపు ఉన్న పాయింట్లలో మూడో వంతుకు తల ఎత్తిన జంతువును ఇవ్వండి, లోపలివాటికి ఇరవైలో ఒకదానికి ఇవ్వండి. దూడలను విడిగా చల్లకూడదు. ఆడవాటి పాయింట్లలో కొన్నింటిని ఎంచి, ఒక్కోదాని పక్కన 0.8 నుంచి 1.5 మీటర్ల దూరంలో దూడను పెట్టాలి. దూడలన్నీ ఒకే సైజులో ఉండాలి. వైల్డ్‌బీస్ట్‌ల లాంటి మందల్లో ఈనడం ఎక్కువగా కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. వేటాడే జంతువులు ఎంత తిన్నా తినలేనన్ని దూడలు ఒకేసారి పుట్టడం వాటి రక్షణ. రకరకాల సైజుల దూడలు చల్లితే ఆ జాతి జీవితమే మారిపోతుంది.

కదిలే మందకు 3.6లో వచ్చిన సిమ్యులేషన్ జోన్ వాడాలి. పాయింటు స్థానానికి వేగాన్ని డెల్టా టైమ్‌తో గుణించి కలుపుతూ పోవడమే మూలం. చిక్కు ఏమిటంటే ఇండెక్స్ ఆఫ్ నియరెస్ట్ నోడ్ అన్నింటికంటే దగ్గరి ఒక్క పొరుగునే చెబుతుంది. దూరంగా జరగడానికి అది చాలు, దిశ కలుపుకోవడానికి చాలదు. దారి ఉంది: స్థానాన్ని 6 మీటర్లతో భాగించి పూర్ణాంకం చేస్తే నేల గళ్లుగా విడిపోతుంది. ఆ గడి సంఖ్యను అక్యుములేట్ ఫీల్డ్‌కు గ్రూప్ ఐడీగా ఇచ్చి, వేగాల మొత్తాన్ని జంతువుల సంఖ్యతో భాగిస్తే గడి సగటు దిశ వస్తుంది. ప్రతి ఫ్రేములో జంతువు దిశను ఆ సగటు వైపు నూటికి ఐదు వంతులే తిప్పండి. ఎక్కువ తిప్పితే గడుల అంచుల దగ్గర చీలికలు కనిపిస్తాయి. రెండర్‌కు ముందు తప్పక బేక్ చేయండి (ఫలితాన్ని ముందే లెక్కించి దాచడం), బేక్‌కు ముందు ఫైలు సేవ్ చేసుకోండి. బేక్ లేకుండా మధ్య ఫ్రేముకు దూకితే మంద సరైన చోట ఉండదు.

జూలు, రెండర్

3.3 నుంచి వచ్చిన కొత్త హెయిర్ కర్వ్స్ అందంగా ఉన్నాయి. మూపు జూలును చేత్తో దువ్వినట్టు సవరించొచ్చు. మెష్‌కు యూవీ మ్యాప్ (ఉపరితలాన్ని చదునుగా పరిచిన పటం) లేకపోతే వెంట్రుకలు చర్మానికి అతుక్కోవు, నడిచేటప్పుడు గాలిలో మిగిలిపోతాయి. కెమెరాకు దగ్గరున్న నాలుగైదు జంతువులకే నిజమైన జూలు ఇచ్చి, మిగతావాటికి పారదర్శక టెక్స్చర్ ఉన్న పట్టీలు పెట్టండి.

బ్లెండర్ రెండర్ ఇంజన్ సైకిల్స్‌లో ఇన్‌స్టెన్స్‌లు మెమరీని పంచుకుంటాయి కనుక మూడు వందలున్నా మూల జంతువుల బరువే పడుతుంది. రియలైజ్ ఇన్‌స్టెన్సెస్ నోడ్ ఎక్కడైనా చివర్లో మిగిలిపోతే ఆ లాభమంతా పోతుంది, మెమరీ నిండి రెండర్ ఆగిపోతుంది. ఒంటి రంగు తేడాకు ప్రతి ఇన్‌స్టెన్స్ మీద స్టోర్ నేమ్డ్ ఆట్రిబ్యూట్‌తో ఒక ర్యాండమ్ సంఖ్య రాసి, షేడర్‌లో ఆట్రిబ్యూట్ నోడ్‌ను ఇన్‌స్టెన్సర్ రకంగా పెట్టి చదవండి. తేడా కొద్దిగానే ఉండాలి. అడవి మందలో రంగులు పెంపుడు పశువులంత వైవిధ్యంగా ఉండవు. మచ్చలు, తెల్ల చారలు విరివిగా చల్లితే మూపురి పెంపుడు జంతువులా కనిపిస్తుంది. 32 జీబీ ర్యామ్ ఉంటే ఈ స్థాయి మంద హాయిగా నడుస్తుంది. 16తో నడుస్తుంది గానీ బేక్ సమయంలో మిగతా ప్రోగ్రాములు మూసేయాలి.

గేమ్ ఇంజన్‌కు పంపాలంటే ఈ నోడ్ అల్లిక బయటికి రాదు, జంతువు ఒక్కటే వస్తుంది. అందులోనూ రిగిఫై డిఫార్మ్ ఎముకలు ఒకే వరుసలో తల్లీపిల్లలుగా ఉండవు, ఎగుమతికి వాటితో వేరే సాదా అస్థిపంజరం కట్టుకోవాలి. వేలల్లో మంద కావాలన్నా, ప్రతి గిట్టా నేల ఎత్తుపల్లాలకు సర్దుకోవాలన్నా హూడినీ అనే మరో 3డీ సాఫ్ట్‌వేర్ మేలు. అక్కడ ప్రతి జంతువుకూ సొంత చక్రం, సొంత కాలం ఉంటాయి, గిట్టను నేలకు బిగించే పనిముట్లు సిద్ధంగా ఉంటాయి. మూడు నాలుగు వందల లోపు మేసే, నడిచే మందలకు, ఒక్కరో ఇద్దరో చేసే పనికి బ్లెండర్‌నే ఎంచుకోండి. మొదలుపెట్టిన ఎల్‌టీఎస్ వెర్షన్‌ను పని పూర్తయ్యే దాకా మార్చకండి. 4.0లో ఎముకల లేయర్లు పోయి బోన్ కలెక్షన్లు వచ్చాయి, పాత వెర్షన్‌లో జనరేట్ చేసిన రిగిఫై రిగ్‌ను కొత్తదాంట్లో తెరిచినప్పుడు మళ్లీ జనరేట్ చేయాల్సి రావచ్చు. అందుకే మెటారిగ్‌ను ఎప్పుడూ తీసేయకుండా, కంటికి కనబడకుండా దాచి ఉంచండి.